కంప్యూటర్ రిపేర్లు, అసెంబ్లింగ్‌తో సైడ్ ఇన్‌కమ్: స్క్రూడ్రైవర్ కొనడం దగ్గర్నుంచి బిల్లు దాకా

కొత్త సిస్టమ్‌లు అసెంబుల్ చేసి అమ్మితే బాగా మిగులుతుందనుకుని ఈ పనిలోకి దిగేవాళ్లే ఎక్కువ. మిగలదు. కస్టమర్ చేతిలో ఫోన్ ఉంటుంది, మీరు కొటేషన్ పంపిన అయిదు నిమిషాల్లో ప్రతి పార్టునీ ఆన్‌లైన్‌లో వెతికి "అన్నా, ఈ ర్యామ్ అక్కడ మూడొందలు తక్కువకే ఉంది కదా" అంటాడు, అక్కడితో మీ మార్జిన్ హరీ. డబ్బులు వచ్చేది పాత సిస్టమ్‌ని మళ్లీ పనికొచ్చేలా చేయడంలో, ఏం పోయిందో సరిగ్గా చెప్పడంలో, డేటా పోకుండా చూడటంలో. అంటే మీరు అమ్మేది పార్టులు కాదు, మీ పని. ఈ ఒక్క ముక్క మొదట్లోనే బుర్రకెక్కితే బేరాలు, వారంటీ గొడవలు, జీఎస్టీ టెన్షన్లు సగం తగ్గిపోతాయి. ఎలాగో కింద చెప్తాను.

ఇప్పుడు పని కూడా బాగానే దొరుకుతోంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఎన్‌రోల్ చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే అని చెప్పింది. "మా సిస్టమ్‌కి 11 ఎక్కుతుందా?" అన్న ప్రశ్న దగ్గరే మీకు సగం మంది కస్టమర్లు పరిచయమవుతారు. ఇంటెల్ అయితే 8వ జనరేషన్ నుంచి, రైజెన్ అయితే దాదాపుగా 2000 సిరీస్ నుంచి అధికారికంగా ఎక్కుతుంది, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. చాలా సిస్టమ్‌లలో టీపీఎమ్ ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎమ్ అనీ కనిపించేది అదే, దాన్ని ఆన్ చేస్తే చాలు. అది తెలియక కొత్త సిస్టమ్ కొనడానికి సిద్ధపడినవాళ్లకి మీరు నిజం చెప్తే, తర్వాత వాళ్లింట్లో ఏ కంప్యూటర్ చెడినా ఫోన్ మీకే వస్తుంది.

మొదటి అడుగు: సామాను

ఒకేసారి పెద్ద టూల్‌కిట్ కొనకండి, అందులో సగం బిట్లు జీవితంలో వాడరు. కొన మీద అయస్కాంతం ఉన్న మంచి స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ల్యాప్‌టాప్‌లకి చిన్నసైజువి రెండు, ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, కరెంట్ టెస్టర్, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, థర్మల్ పేస్ట్, బోర్డు మీద ఉండే గుండ్రటి చిన్న సీఆర్2032 బ్యాటరీలు నాలుగైదు, సాటా డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే కేబుల్. వీటికంటే విలువైనది ఇంకోటుంది: బాగున్నాయని మీకు కచ్చితంగా తెలిసిన విడి పార్టులు. ఒక ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా), ఒక డీడీఆర్3 ర్యామ్, ఒక డీడీఆర్4 ర్యామ్, ఒక పాత గ్రాఫిక్స్ కార్డ్, సెకండ్‌హ్యాండ్‌వి అయినా పర్లేదు. రిపేరులో ఎక్కువ భాగం అనుమానమున్న పార్టు తీసి, బాగున్నది పెట్టి చూడటమే.

పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ వేసుకోండి. దాంట్లో విండోస్, లినక్స్ మింట్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), క్లోన్‌జిల్లా (డిస్క్‌ని కాపీ చేసేది) ఐఎస్‌ఓ ఫైళ్లు కాపీ చేసి పడేస్తే చాలు, అన్నీ ఒకే డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 కోసం ఇంకో చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే సరిపోతుంది.

బ్లోయర్ విషయంలో ఒక జాగ్రత్త. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి అది గిర్రున తిరిగితే చూడటానికి సరదాగానే ఉంటుంది గానీ బేరింగ్ దెబ్బతింటుంది.

చేయి తిరగడానికి, ఆఫీసుల నుంచి బయటికొచ్చిన పాత డెల్ ఆప్టిప్లెక్స్‌లాంటిది ఒకటి చవగ్గా కొని, మొత్తం విప్పి బిగించండి. హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అంటే చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి, ఒకసారి వెళ్లి రండి. కొనకపోయినా ఫర్వాలేదు, ఏ పార్టు ఏ రేటులో నడుస్తోందో, ఏ షాపువాళ్లు వారంటీకి ఎలా స్పందిస్తారో నాలుగు షాపులు తిరిగితే అర్థమవుతుంది.

రెండో అడుగు: జబ్బేంటో కనిపెట్టడం

విప్పడానికి ముందు అడగండి. ఎప్పట్నుంచి ఇలా ఉంది? ముందురోజు ఉరుములు, కరెంటు పోయి రావడం ఏమైనా జరిగాయా? ఇల్లు సర్దేటప్పుడు ఎవరైనా కదిలించారా? చివరి ప్రశ్నకి "అవును" అని వస్తే సగం పని అయిపోయినట్టే, ఏదో కేబుల్ లూజయ్యుంటుంది.

అందరూ చెప్పే కంప్లైంట్ "ఆన్ అవుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు". దీనికి నేను పాటించే వరస ఇది. ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడాలి. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న సిస్టమ్‌లో కేబుల్ తీసుకెళ్లి బోర్డు పోర్టుకి పెట్టేవాళ్లు బోలెడుమంది. తర్వాత పవర్ కేబుల్ పీకేసి, మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, ర్యామ్ తీయాలి. బంగారు రంగు కాంటాక్టుల్ని స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దితే నల్లటి పొర ఊడి వస్తుంది. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ఒక్క పనితో లేచే సిస్టమ్‌లు చాలానే ఉంటాయి. రబ్బరు పొడి పోయేలా ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్క స్టిక్ మాత్రమే పెట్టి, స్లాట్ మార్చి మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే గ్రాఫిక్స్ కార్డ్, హార్డ్‌డిస్క్, యూఎస్‌బీ సామాను అన్నీ పీకేసి ప్రాసెసర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌తోనే ఆన్ చేయాలి. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అయితే మీ పాత కార్డ్ ఇక్కడ పనికొస్తుంది. ఆ తర్వాతే ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడటం, ఆఖర్న బోర్డు మీద అనుమానం. ఈ వరస తలకిందులు చేసి ముందే "మదర్‌బోర్డు పోయింది" అనేవాళ్ల వల్లే ఈ పనికి చెడ్డపేరు.

ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా చూడాలంటే, 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని పక్కనున్న నల్ల వైరుతో చిన్న తీగముక్కతో కలిపితే అది ఆన్ అవుతుంది. మల్టీమీటర్‌తో పసుపు వైరు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు చూపించాలి, అటూ ఇటూ 5 శాతం వరకూ పర్లేదు. 12 వోల్టుల లైను 11.4 కంటే కిందకి పడితే దాన్ని నమ్మకండి. లోడ్ లేనప్పుడు అన్నీ బాగా చూపించి, గేమ్ పెట్టగానే రీస్టార్ట్ అయ్యేవీ ఉంటాయి, అందుకే విడి ఎస్‌ఎంపీఎస్ దగ్గర పెట్టుకోమన్నది. ఇంకో విషయం, ఆప్టిప్లెక్స్‌లాంటి బ్రాండెడ్ సిస్టమ్‌లు చాలావాటిలో ఈ 24 పిన్ ఉండదు, కంపెనీ సొంత కనెక్టర్ ఉంటుంది, మామూలు ఎస్‌ఎంపీఎస్ తగలదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల సప్లైకి లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలవుంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కాసేపు అలాగే ఉండొచ్చు.

"క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అనే కంప్లైంట్ మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది, దీనికి కొంచెం ఎక్కువ టైమ్ ఇవ్వాలి. టెస్టర్ పెడితే క్యాబినెట్ మీదే లైటు వెలుగుతుంది, ఇంట్లోవాళ్లు హడలిపోతారు, కంప్యూటర్ కాలిపోయిందనుకుంటారు. చాలాసార్లు కంప్యూటర్ తప్పేం ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కి కలిపి ఉంటాయి, వాటి గుండా కారే చిన్న కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పోవడానికి దారిలేక క్యాబినెట్ మీద సగం వోల్టేజీ, అంటే సుమారు 115 వోల్టులు కనిపిస్తుంది. సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి, 230 దగ్గర రావాలి. సున్నానో, అటూఇటూ ఊగే అంకెలో వస్తే ఎర్త్ వైరు లేదనో తెగిందనో అర్థం. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కలిపినా ఇదే జరుగుతుంది. వైరింగ్ మీ పని కాదు, వైర్‌మన్‌ని పిలిపించమని చెప్పండి. అయితే ఎర్త్ సరయ్యేదాకా కొత్త పార్టులు బిగించనని కూడా చెప్పండి, లేకపోతే రేపు ఏది కాలినా మీరు బిగించిందే కాలిందంటారు.

తేదీ వెనక్కి పోవడం, ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్1 నొక్కమనడం, బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదనడం, ఈ మూడూ కలిసొస్తే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. రెండు నిమిషాల పని, కానీ మార్చేముందు బయోస్ సెట్టింగుల్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిస్క్ మోడ్ ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని రెండు రకాలుంటుంది, రీసెట్‌లో అది మారిపోతే విండోస్ లేవదు, మీరు బ్యాటరీ మార్చబోయి విండోస్ పాడుచేసినట్టవుతుంది.

మూడో అడుగు: డేటా మీద చెయ్యి వేసేముందు

కస్టమర్ "ఫార్మాట్ కొట్టేయండి, అందులో ఏం లేదు" అంటాడు. నమ్మొద్దు. "డెస్క్‌టాప్ మీద ఫైళ్లు కూడా పోతాయి, సరేనా?" అని ఒక్కమాట అడగండి, మొహంలో రంగు మారుతుంది.

చిన్న వ్యాపారాల సిస్టమ్ అయితే ట్యాలీ డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో ట్యాలీ తెరిచి అందులోనే చూసుకోండి, డీ డ్రైవ్‌లో ఉంటుందిలే అనుకోవద్దు. డీటీపీ షాపు అయితే తెలుగు ఫాంట్లు, ముఖ్యంగా అను ఫాంట్లు, వాటి కీబోర్డ్ సెట్టింగు, లైసెన్స్ డాంగిల్ ఉంటే దాని డ్రైవర్, ఇవన్నీ ముందే పక్కన పెట్టుకోవాలి. ఆ ఫాంట్లు లేకపోతే వాళ్ల పాత పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తాయి, సీజన్‌లో అలా జరిగితే మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మీసేవలాంటి సెంటర్‌లో అయితే వేలిముద్ర స్కానర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఏ కంపెనీవో రాసుకున్నాకే ముందుకెళ్లండి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో గండం ఉంది, డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే తాళం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా విండోస్ 11 సిస్టమ్‌లలో ఓనర్‌కి తెలియకుండానే అది ఆన్ అయి ఉంటుంది. మీరు బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా, టీపీఎమ్ కదిలించినా నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ కస్టమర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఆయనకి గుర్తుండదు. కాబట్టి ల్యాప్‌టాప్ చేతికి తీసుకున్నప్పుడే, ఆయన ఎదురుగా ఉండగానే, కీ కనబడుతోందో లేదో చూసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇక్కడ ఏ ఆకూ పనిచేయదు.

స్లో అయిన డిస్క్‌ని, దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి. 05, సీ5, సీ6 వరసల్లో సున్నా కాకుండా అంకెలు పెరుగుతుంటే డిస్క్ పోతోందని లెక్క. అప్పుడు ముందుగా చెక్‌డిస్క్ లాంటి రిపేరు ప్రోగ్రాములు నడపొద్దు, ముఖ్యమైన ఫైళ్లు బయటికి లాగండి. టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ ల్యాబ్‌కి పంపమని చెప్పండి. అది మనం చేసే పని కాదు.

ఇంకో సంగతి, ఎవరి ఫొటోలూ తెరిచి చూడొద్దు. కాపీ అయిందో లేదో తెలియడానికి ఫోల్డర్ సైజు, ఫైళ్ల సంఖ్య చూస్తే చాలు. పని పూర్తయ్యాక మీ దగ్గరున్న బ్యాకప్ ఎన్ని రోజులకి చెరిపేస్తారో ముందే చెప్పి, అలాగే చెరిపేయండి.

నాలుగో అడుగు: అందరికీ నచ్చే పని, ఎస్‌ఎస్‌డీ

పాత హార్డ్‌డిస్క్ సెకనుకి 100, 150 ఎంబీ చదివితే గొప్ప, సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది. అసలు తేడా ఈ అంకెల్లో కూడా కాదు, చిల్లర ఫైళ్లు వెతకడంలో. చాయ్ తాగి వచ్చేదాకా లేవని సిస్టమ్ అరనిమిషంలో లేస్తే కస్టమర్ సంతోషంగా డబ్బిస్తాడు, బేరమాడడు. క్లోన్‌జిల్లాతో పాతదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించొచ్చు, కానీ కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే ముందు పార్టిషన్ తగ్గించుకోవాలి. నాకైతే పదేళ్ల చెత్త మొత్తం క్లోన్ చేయడం కంటే కొత్తగా విండోస్ వేసి ఫైళ్లు కాపీ చేయడమే ఇష్టం, టైమ్ ఎక్కువ పట్టినా తర్వాత ఫోన్లు రావు. హెచ్61 లాంటి పాత బోర్డులు ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ నుంచి నేరుగా బూట్ అవ్వవు, వాటికి సాటా రకమే తీసుకోండి. మరీ చవగ్గా దొరికే పేరులేని డ్రైవ్‌లని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నింపి చూశాకే వాడండి, పైన రాసిన సైజు లోపల ఉండకపోవచ్చు.

అయిదో అడుగు: కొత్త సిస్టమ్ కట్టడం

ముందు దేనికి వాడతారో తెలుసుకోండి, బడ్జెట్ తర్వాత. ట్యాలీ, బ్రౌజింగ్‌కి గ్రాఫిక్స్ కార్డ్ దండగ. ఇంటెల్ మోడల్ నంబర్ చివర ఎఫ్ ఉంటే డిస్‌ప్లే రాదు, కార్డ్ పెట్టాల్సిందే. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కి వచ్చే రైజెన్‌లలో మోడల్ పేరులో జీ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉంటుంది, రైజెన్ 5 5600 లాంటివాటిలో ఉండదు. బోర్డు పాత స్టాక్ అయితే కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టడానికి బయోస్ అప్‌డేట్ కావాలేమో కంపెనీ సైటులో చూసుకోండి. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లు రాసున్నా దాన్ని పక్కన పడేయడమే మంచిది.

2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోవడమే కారణం. అందుకే కొటేషన్ కింద "ఈ రేటు ఈరోజు వరకే" అని రాయండి.

బిగించేటప్పుడు బోర్డుని దాని అట్టపెట్టె మీదే ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ పెట్టి డిస్‌ప్లే వచ్చాకే క్యాబినెట్‌లోకి ఎక్కించండి. ఇంటెల్ బోర్డుల్లోనూ ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లోనూ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు, కాబట్టి కొనగానే షాపులోనే సాకెట్ ఫొటో తీసుకోండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పాత ఏఎం4 సిస్టమ్ కూలర్ తీసేటప్పుడు కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆఫ్ చేశాక అటూ ఇటూ తిప్పి లాగండి, లేకపోతే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వస్తుంది. థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు. క్యాబినెట్‌లో ఇత్తడి స్టడ్‌లు బోర్డు రంధ్రాల కిందే ఉన్నాయో లేదో, ప్రాసెసర్ పక్కన 8 పిన్ పవర్ పెట్టారో లేదో చూసుకోండి. రెండు ర్యామ్‌లైతే నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేయకపోతే, డబ్బు పోసి కొన్న వేగం రాదు.

ఇచ్చేముందు రాత్రంతా మెమ్‌టెస్ట్ నడవనివ్వండి, పొద్దున ఒక అరగంట ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ వేసి టెంపరేచర్ చూడండి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో నడిచే సిస్టమ్ అది, మీ ఇంట్లో డిసెంబర్‌లో వచ్చిన అంకె చూసి మురిసిపోవద్దు.

ఆరో అడుగు: డబ్బు

ఇక్కడే మొదట చెప్పిన మాట పనికొస్తుంది. పార్టుల బిల్లు నేరుగా కస్టమర్ పేరు మీదే తీసుకోండి. ఆయనే ఆన్‌లైన్‌లో కొంటానన్నా సరే, మీరు లిస్టు ఇవ్వండి. మీరు తీసుకునేది సర్వీస్ ఛార్జీ ఒక్కటే, అది ముందే చెప్పేయండి. అప్పుడు రేటు మీద బేరం ఉండదు, వారంటీ బిల్లు ఆయన దగ్గరే ఉంటుంది, షాపు ఓనర్‌కి తన జీఎస్టీ నంబర్‌తో బిల్లు దొరుకుతుంది, మీ డబ్బు పార్టుల్లో ఇరుక్కోదు. పార్టులు మీరే తేవాల్సివస్తే పూర్తి డబ్బు ముందే తీసుకోండి, అడ్వాన్స్‌గా సగం అంటే మిగతా సగం కోసం తిరగాలి.

రేట్లు ఊరిని బట్టి ఉంటాయి. నా లెక్కలో ఇంటికెళ్లి చూసినందుకు 300 నుంచి 500, డేటా బ్యాకప్‌తో సహా విండోస్ వేయడానికి 600 నుంచి 1000, కొత్త సిస్టమ్ బిగించి టెస్ట్ చేసి ఇవ్వడానికి 1500 నుంచి 2500 అడగడం న్యాయమే. చూసిన ఛార్జీ మాత్రం వదలకండి, రిపేరు చేయించుకోకపోయినా అది మీ టైమ్‌కి. ఇక చుట్టాలు. "మా వాడి సిస్టమ్ ఒకసారి చూసిపెట్టరా అబ్బాయ్" అని అత్తయ్య అడిగితే కాదనలేరు, అననక్కర్లేదు కూడా. మీ పని ఫ్రీ, పార్టుల డబ్బు మాత్రం వాళ్లదే, వరసలో వాళ్ల వంతు ఆదివారమే అని నవ్వుతూ చెప్పేయండి. మొహమాటపడితే అసలుకే ఎసరు.

ప్రతి సిస్టమ్‌కీ ఒక కాగితం రాయండి: పేరు, కంప్లైంట్, పార్టుల సీరియల్ నంబర్లు, పైన ఉన్న గీతలు, పగుళ్లు, ఛార్జర్ ఇచ్చారా లేదా. ఫొటో తీసి వాట్సాప్‌లో వాళ్లకే పంపితే సరి. మీ పనికి నెల రోజుల గ్యారంటీ ఇవ్వండి, పార్టులకి కంపెనీదే అని రాయండి.

"ఫ్రీ విండోస్, ఫొటోషాప్ కూడా వేసేయండి" అని ప్రతివాళ్లూ అడుగుతారు. ఒప్పుకోవద్దు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడటం కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద నేరం, 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. దానికంటే రోజూ ఎదురయ్యే ఇబ్బంది, ఆ క్రాక్‌లతో పాటు వచ్చే వైరస్ మీ నెత్తినే పడటం. పాత సిస్టమ్‌కి అసలు లైసెన్స్ ఉందేమో చూడండి, చాలాసార్లు ఉంటుంది. అయితే బ్రాండెడ్ సిస్టమ్ లైసెన్స్ ఆ బోర్డుకే అంటుకుని ఉంటుంది, బోర్డు మారిస్తే పోతుందని ముందే చెప్పండి. లైసెన్స్ కొననివాళ్లకి లినక్స్ మింట్ వేసిస్తే బ్రౌజింగ్‌కి, పిల్లల చదువుకి ఏ లోటూ ఉండదు.

లెక్కలు

మొదటి రోజు నుంచే ఈ పనికి విడిగా బ్యాంకు ఖాతా, యూపీఐ పెట్టుకోండి. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మీరు సర్వీసు కూడా చేస్తారు కాబట్టి ఎక్కడున్నా 20 లక్షలే లెక్క. అంత దూరం ఇప్పట్లో రాదు గానీ, ఒక మెలిక ఉంది. సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఖమ్మంలో కూర్చుని విజయవాడ కస్టమర్‌కి సిస్టమ్ కట్టి అమ్మి పంపితే అందులోకి వస్తారు. పార్టులు ఆయన పేరు మీదే కొని, మీరు పనికి మాత్రం డబ్బు తీసుకుంటే ఆ గొడవ లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ అని రాసి వసూలు చేయడం మాత్రం కుదరదు.

జీతంతో పాటు ఈ ఆదాయాన్నీ రిటర్న్‌లో చూపించాలి, చిన్న వ్యాపారాలకి ఉన్న ప్రిజంప్టివ్ పద్ధతిలో (వసూళ్లలో ఒక నిర్ణీత శాతాన్ని లాభంగా లెక్కేయడం) వెళ్తే పుస్తకాల తలనొప్పి తగ్గుతుంది, ఆడిటర్‌ని ఒకసారి అడగండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైతే ఆఫర్ లెటర్‌లో బయట పని చేయకూడదన్న షరతు ఉందేమో చదువుకోండి, ఉంటే హెచ్‌ఆర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే ఊళ్లో బోర్డు పెట్టండి.